లెక్క దిగేలోపు

"మా నాయన ల్యాప్‌టాప్‌ను ఏం చేసినావప్పా? ఓపెనే కావడం లేదంట," అంటూ వీణ తడిసిన బ్యాగ్‌ను కౌంటర్ మీద పెట్టింది.

మునేష్ తలెత్తాడు. పాత బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో కంప్యూటర్ రిపేరు షాపు పెట్టి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఏ కస్టమర్ తిట్టినా ఇంత హాయిగా అనిపించలేదు. వానలో తడిసి, కోపంగా వచ్చి, అయినా అంత బాగుండటం అన్యాయం అనుకున్నాడు.

"విండోస్ పక్కన లినక్స్ పెట్టినాను మేడమ్. మీరు అడిగిందే."

"పక్కన పెట్టమన్నా. ముందున్నదాన్ని చంపమనలేదు."

వీణకు బెంగళూరు కంపెనీలో ఉద్యోగానికి సోమవారం పరీక్ష. పరీక్షంతా విండోస్ లాంటిదే ఇంకో సిస్టమ్, లినక్స్ మీద. ఇంట్లో ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్. దాంట్లో ఆమె తండ్రి గోపాలప్ప, పాత గని కార్మికుల ఇళ్ల కోసం కన్నడంలో అర్జీలు టైపు చేస్తాడు. ఆ టైపింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు. అందుకే పోయిన వారం మునేష్ ఒకే మెషిన్‌లో రెండూ పెట్టాడు. ఆన్ చేయగానే నల్లటి తెర మీద రెండు పేర్లు వస్తాయి. పది సెకన్లలో ఏదో ఒకటి ఎంచుకోవాలి.

మునేష్ ఆన్ చేశాడు. పేర్లు వచ్చాయి, విండోస్ తెరుచుకుంది.

"బాగానే ఉండాది కదా."

"ఈడ బాగుంటాది. ఇంట్లో నాయన ముట్టుకుంటేనే మొరాయిస్తాదంట. నాయన లినక్స్ తీసేయమన్నాడు." ఆమె గొంతు మొదటిసారి తగ్గింది. "తీసేస్తే నేను పరీక్షకు దేంట్లో ప్రాక్టీస్ చేయాల?"

ఆ తగ్గిన గొంతు మునేష్ తట్టుకోలేకపోయాడు. "ఇంటికే వచ్చి చూస్తాను. కాఫీ ఇస్తే చాలు."

"మా అమ్మ చక్కెర ఎక్కువేస్తాది. నీ మాటలు చూస్తే నీకు సరిపోతాదిలే."

ఛాంపియన్ రీఫ్ గని కార్మికుల లైన్లలో వాళ్ల ఇల్లు. గోపాలప్ప మునేష్ ఎదుటే మెషిన్ ఆన్ చేశాడు. పేర్లు వచ్చాయి. వాటి కింద పది, తొమ్మిది, ఎనిమిది అని అంకెలు దిగసాగాయి. ఏడు కనబడగానే ఆయన మూత టప్పున మూసి, కాఫీ తెస్తున్న భార్య గురువమ్మ చేయి పట్టుకుని గడప దాకా వెనక్కి వెళ్లాడు.

"ఎందుకు మూసినారు సార్?"

"లెక్క తగ్గతా వస్తాంటే ఆడనే నిలబడుకోవాల్నా? గని మూసేదాక పదైదేండ్లు బ్లాస్టింగ్‌లో చేసినానప్పా. ఫ్యూజు ముట్టించి, మనసులో లెక్కేసుకుంటా వెనక్కి వచ్చేసేది. లెక్క దిగతాంటే మనిషి దగ్గర ఉండకూడదు."

వీణ చున్నీతో నోరు మూసుకుంది కానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి. మునేష్‌కూ నవ్వు గొంతు దాకా వచ్చింది. కానీ పెద్దాయన గురువమ్మ చేయి ఇంకా వదల్లేదు. అది చూసి నవ్వు మింగేశాడు. మింగడం వీణ చూసింది.

"ఇది పేలేది కాదు సార్. గనిలో దిగేదానికి కేజ్ ఉండేది కదా? కేజ్ ఒకటే, షిఫ్టులు రెండు. మీ షిఫ్టు పైకొస్తేనే వీణ షిఫ్టు దిగేది. ఇప్పుడు ఎవురు దిగతారు అని ఇది అడగతా ఉండాది, అంతే."

గోపాలప్ప గడప దగ్గరనుంచే మెషిన్ వైపు చూశాడు. "అడిగేవాడు లెక్క పెడతాడా? కాచుకోనుండాల."

"కాచుకోనుండేట్లు చేస్తాను."

మునేష్ అంకెలు తీసేశాడు. పొడుగాటి ఇంగ్లీషు పేర్లు చెరిపి, పైన గోపాలప్ప అని, కింద వీణ అని రాశాడు. ఎట్లా రాస్తున్నాడో వీణ అతని భుజం పక్కనుంచి వంగి చూస్తుంటే రెండుసార్లు తప్పు టైపు చేశాడు. గోపాలప్ప తన పేరు నొక్కాడు. అర్జీ తెరుచుకుంది.

"ఉండనీలే," అన్నాడు.

వీణ వాకిలి దాకా వచ్చింది. "ఇంగ రిపేరు రాదు కదా," అన్నాడు మునేష్ దిగులుగా.

"రిపేరు లేదని ఏడ్చే షాపాయన్ని ఇప్పుడే చూస్తాండా," అని నవ్వి, ఆమె లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం పోయింది. ఇంకో రెండు సోమవారాలూ పోయాయి. ఫోన్ చేయడానికి ఏ సాకూ దొరక్క, మునేష్ పాడైన కీబోర్డుల మీద కసి తీర్చుకున్నాడు. మూడో గురువారం మళ్లీ వాన, మళ్లీ అదే బ్యాగ్ కౌంటర్ మీద.

"ఏమైంది మేడమ్?"

"ఆన్ చేసి చూడు."

తెర మీద గోపాలప్ప, వీణ. వాళ్ల కింద మూడో పేరు, మునేష్. ఏది తెరుచుకోబోతోందో చూపే తెల్ల గీత ఆ పేరు మీదే ఉంది. కింద ముప్పై నుంచి అంకెలు దిగుతున్నాయి.

"ఎవురు రాసినారు?"

"పరీక్ష పాసైనా. ఇంత మాత్రం రాదా నాకు?"

"లెక్క తీసేసినాను కదా?"

"అది మా నాయన కోసం. నువ్వు ఊరికే కాచుకోనుండే మనిషివి, నీకు లెక్క కావాల. పది చాలదని ముప్పై పెట్టినా. ఏ కీ నొక్కినా ఆగిపోతాది, పేరు తీసేస్తా. నొక్కకపోతే..." అంతసేపూ దేనికీ తడుముకోని వీణ, అక్కడ ఆగి వాన వైపు తిరిగింది.

మునేష్ రెండు చేతులూ కీబోర్డు మీదనుంచి ఎత్తేశాడు. వాటి మీద నమ్మకం లేక జేబుల్లో పెట్టుకున్నాడు.

"మీ నాయన చూస్తే?"

"చూసినాడు. 'నా మాటకు నవ్వనోడు కదా, సరే' అన్నాడు. నాతో వచ్చినాడు కూడా."

"యాడ?"

"లెక్క ఉండాదని చెప్పినా. అందుకే ఆడ."

వీధికి అవతల, మెడికల్ షాపు చూరు కింద, గొడుగు పట్టుకుని గోపాలప్ప నిలబడి ఉన్నాడు. పక్కనున్న ఇద్దరిని కూడా వెనక్కి జరిపాడు.

మూడు, రెండు, ఒకటి. మునేష్ చేతులు జేబుల్లోనే ఉన్నాయి. తెర నల్లబడి, అతని పేరు మీదే వీణ లినక్స్ తెరుచుకుంది. ఆమె ఇటు తిరిగింది.

"పేలిందా అమ్మా?" గొడుగు కిందనుంచి కేక వినిపించింది.

"పేలింది నాయనా," అంది వీణ, మునేష్ ముఖం మీదనుంచి చూపు తిప్పకుండా. "ఇంగ రావచ్చు."