టిష్యూ మీద నీలం చుక్క

"ఈ ఘనకార్యం ఎవరు చేశారండీ?"

మూత తీసిన కంప్యూటర్‌లోకి టార్చ్ వేసి చూస్తూ అడిగాడతను.

"నేనే" అంది దాన్ని మోసుకొచ్చిన అమ్మాయి, ఇంకా ఆయాసపడుతూనే. "వీడియో చూసి ప్రాసెసర్ స్పీడు పెంచాను. వోల్టేజీ కూడా. పది నిమిషాల్లో టప్పున ఆగిపోయింది."

"ఎంత పెంచారు?"

"ఎంత పెంచనిస్తే అంత!"

అతను టార్చ్ ఆపేశాడు. కౌంటర్ దగ్గరున్న అతని అక్క, ఆ కంప్యూటర్ రిపేరు షాపు యజమానురాలు, నవ్వాపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది.

ఆ వీధిలో కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళు అరడజను మంది ఉన్నా, స్పీడు పెంచే పనికి అందరూ ఇతని దగ్గరికే పంపుతారు. అసలు పేరు అక్కకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ 'నిదానం'. వంద మెగాహెర్ట్జ్ పెంచి, గంటసేపు ప్రాసెసర్ చేత గొడ్డుచాకిరీ చేయించి, వేడి ఎంతుందో నోట్‌బుక్‌లో రాసుకుని, అప్పుడుగానీ ఇంకో వంద పెంచడు. ప్రతి వరుస చివరా 'నిలబడింది' అనో 'పడిపోయింది' అనో రాస్తాడు.

ఆ అమ్మాయిదేమో యానిమేషన్ పని. మూడు నిమిషాల సినిమా చేసింది. ఒక ముసలి కుక్క వానలో గొడుగు పట్టుకుని యజమానిని వెతుక్కుంటూ పోతుంది. సినిమా అంతా వానే. ఒక్కో చుక్కనీ లెక్కగట్టి బొమ్మ కట్టేసరికి ఆ కంప్యూటర్ ప్రాణం మీదికొస్తోంది. ఆదివారం సాయంత్రం ఐదులోగా స్టూడియోకి పంపాలి. అక్కడ ఉన్నది ఒక్కటంటే ఒక్క ఉద్యోగం. రెండేళ్ళుగా దానికోసమే ఆమె కళ్ళు కాయలు కాస్తున్నాయి.

ఆ రోజు బుధవారం.

"ప్రాసెసర్ బతికే ఉంది. వేడికి తనంతట తనే ఆగింది, మీ అదృష్టం" అన్నాడతను. "ఫ్యాన్ చాలదు. లిక్విడ్ కూలింగ్ పెట్టాలి."

"కంప్యూటర్‌లో నీళ్ళా?"

"కారులో రేడియేటర్ లేదూ? ఇదీ అంతే. పంపు తిప్పుతుంది, కూలెంట్ అనే నీలం నీళ్ళు వేడిని మోసుకుపోతాయి."

"సరే, సాయంత్రానికి ఇచ్చేస్తారా?"

"రేపు బిగిస్తాను. రాత్రంతా పంపు ఒక్కటే తిరుగుతుంది, కంప్యూటర్‌కి కరెంటు ఇవ్వను. ప్రతి జాయింటు కిందా టిష్యూ పెడతాను. తడి లేకపోతే, ఎల్లుండి ఆన్ చేస్తాను."

"ఎల్లుండా! ఆలస్యం అమృతం విషం అన్నారండీ."

"పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలనీ అన్నారమ్మా" అంది అక్క, తమ్ముడి తరఫున వకాల్తా పుచ్చుకుని.

గురువారం ఆమె తనూ వచ్చి స్టూలు వేసుకు కూర్చుంది. తన కంప్యూటర్‌ని కళ్ళారా చూసుకుంటుందట. ఊరికే చూస్తే బాగుండేది, నోరు కట్టేసుకోలేదు.

"పెళ్ళి చేసుకోవాలన్నా ఇలాగే టిష్యూ పెట్టి రాత్రంతా చూస్తారా?"

అని తన జోకుకి తనే నవ్వింది. పకపకా, తల వెనక్కి వాల్చి. అతనప్పుడే ప్రాసెసర్ మీద, వేడిని కూలెంట్‌కి అందించే రాగి బ్లాకు పెడుతున్నాడు. నాలుగు స్క్రూలు ఎలా బిగించాడో అతనికే తెలియదు.

టిష్యూలన్నీ తెల్లవారేదాకా పొడిగానే ఉన్నాయి. శుక్రవారం ఉదయం ఆన్ చేశాడు. స్పీడు ఇంకా ఏమీ పెంచలేదు. అయినా నిమిషంలోనే వేడి తొంభై ఏడు డిగ్రీలకి ఎగబాకింది.

ఆమె మొహం పాలిపోయింది. "పోయిందా? నావల్లేనా?"

'అవునండీ, మీరు పెంచిన వోల్టేజీకి దెబ్బతింది' అంటే సరిపోయేది. ఆమె నమ్మేసేది. అతను కరెంటు తీసేసి, బ్లాకు విప్పాడు. రాగి మీద పారదర్శకంగా పలచని ప్లాస్టిక్ పొర. కొత్త సామాను మీద అంటించి వస్తుంది, పీకి పారేశాకే బిగించాలి. పని నేర్చుకునేవాళ్ళు మొదటి వారంలో చేసే పొరపాటు.

అతను నాలిక కరుచుకున్నాడు.

"మీవల్ల కాదు. ఇది తియ్యడం నేనే మర్చిపోయాను."

"మీరా? మర్చిపోయారా?" ఆమె నమ్మలేకపోయింది. "ఎందుకు?"

"మీరు నవ్వారు."

అక్క లేని పని కల్పించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చెవులు ఎర్రబడగా అతను గబగబా పొర పీకి, వేడి దిగడానికి పేస్టు రాసి, బ్లాకు మళ్ళీ బిగించాడు. "నా తప్పుకి మీ టైమెందుకు పోవాలి? పరీక్ష వద్దు. ఇప్పుడే ఆన్ చేసేస్తాను."

స్విచ్ మీదికి వెళ్ళిన చేతికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"టిష్యూలు పెట్టండి."

"ఆరు గంటలు పోతాయండీ."

"పోనివ్వండి. నా తొందర సంగతి బుధవారమే చూశాంగా."

ఇద్దరూ చెరో స్టూలు మీదా కూర్చుని టిష్యూలకేసి చూస్తూ ఉండిపోయారు. ముసలి కుక్క కథంతా ఆమె చెప్పింది. యజమాని చివరికి దొరుకుతాడా అని అతను చిన్నపిల్లాడిలా అడిగాడు.

మూడో గంటలో బ్లాకు పక్కన టిష్యూ మీద శనగగింజంత నీలం చుక్క తేలింది.

"అయ్య బాబోయ్! ఆన్ చేసుంటే?"

"బోర్డు కాలిపోయేది" అన్నాడతను నెమ్మదిగా. "నన్ను ఆపి మీరే కాపాడారు."

విప్పడంలో వదులైన జాయింటు బిగించి, తడి తుడిచి, మళ్ళీ ఆరు గంటలు చూశారు. శనివారం పొద్దున వంద, గంట ఆగి వంద, మరో వంద. వేడి డెబ్బై నాలుగు దాటలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి వాన మొదలైంది, తెర మీద. ఆదివారం మూడింటికి ముగిసింది. నాలుగు కాకముందే సినిమా స్టూడియోకి చేరింది.

ఆమె థాంక్స్ చెప్పి, కంప్యూటర్ తీసుకుని వెళ్ళిపోయింది. అతను గుమ్మం దాకా వెళ్ళి, "కూలెంట్ ఏడాదికోసారి మార్పించండి" అన్నాడు.

"ఒరేయ్, చెప్పాల్సిన మాట అదేనట్రా!" అక్క నెత్తి కొట్టుకుంది. "ఏడాది ఆగితే ఆ పిల్ల పెళ్ళి శుభలేఖ వస్తుంది నీకు."

పదకొండో రోజు ఆమె పరుగున వచ్చింది. "ఉద్యోగం వచ్చిందండీ! మొదట మీకే చెబుతున్నాను."

అతను నోట్‌బుక్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆఖరి పేజీలో పది వరుసలు. స్పీడు లేదు, వేడి లేదు. రోజుకొక తేదీ, పక్కన ఒకే మాట. నిలబడింది. నిలబడింది. నిలబడింది.

"ఏమిటిది?"

"మీరంటే నాకిష్టం. తొందరపడి అంటున్నానేమో అని, మీరు వెళ్ళిన రోజు నుంచీ చూసుకుంటున్నాను. ఒక్కరోజు కూడా తగ్గలేదండీ."

ఆమె నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతని జేబులోంచి పెన్ను లాక్కుని, పదకొండో వరుసలో ఆ రోజు తేదీ వేసి, పక్కనే రాసింది.

'నాదీ నిలబడింది.'

"అమ్మయ్య!" అంది కౌంటర్ దగ్గర్నుంచి అక్క, ఫోన్ అందుకుంటూ. "అమ్మకి చెబుతాను ఉండండి. దీనికి మాత్రం టిష్యూలు పెట్టకండి."