తెర మీది పచ్చ స్విచ్

"అయ్యో, దాన్ని ముట్టుకోకుండ్రి!"

శాంతి కుమార్ కేక పెట్టేలోపే హెప్సిబా గోడకున్న స్విచ్ బంద్ చేసేసింది. ఇంటికి పోయే ముందు ఫ్యాన్ ఆపినట్టే అనుకుంది పాపం. ఆమె ముందున్నదే కాదు, వరసలోని కంప్యూటర్లన్నీ టప్పున ఆరిపోయాయి.

బోధన్ బస్టాండు వెనక ఆ కంప్యూటర్ సెంటర్‌లో అది ఆమెకు మొదటి రోజు. అతను అక్కడ సారు.

"కరెంట్ పోయింది సార్," అంది భయంగా.

"పోలే. మీరే పంపిండ్రు."

నవ్వు ఆపుకోలేక అతను అటు తిరిగాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

హెప్సిబా చదువు పదో తరగతితోనే ఆగింది. పెళ్లయింది, కూతురు దీవెన పుట్టింది, భర్త రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఎడపల్లిలో అత్త ఎల్లవ్వే ఆమెకు తల్లీ తండ్రీ. చెరుకు కొట్టే పనికి పోతూ కోడల్ని ఈ కోర్సులో చేర్పించింది కూడా ఆ అత్తే.

వానలు మొదలయ్యేసరికి హెప్సిబా తెర మీద బటన్లు పెట్టడం నేర్చుకుంది. ఆ రోజు పాఠం టాగుల్ స్విచ్. ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్.

ఆమె చేసిన స్విచ్ నొక్కగానే ముచ్చటగా పచ్చబడింది. మళ్లీ నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు.

"ఇదేంది సార్, గింత మొండిది?"

"ఆన్ కమ్మన్నరు, అయింది. ఇప్పుడెట్లున్నదో చూసి దానికి ఉల్టా చెయ్యమని చెప్పిండ్రా?"

"దానికి గంత తెలివి యాడికెల్లొస్తది?"

"మనమే ఇయ్యాలె. 'నాట్', అంటే 'కాదు' అని ఒక్క మాట రాయుండ్రి."

రాసింది. నొక్కింది. పచ్చ. మళ్లీ నొక్కింది. బూడిద రంగు. పచ్చ, బూడిద, పచ్చ. చిటికెడంత మాట! ఉన్నదాన్ని లేకుండా, లేనిదాన్ని ఉండేలా చేస్తోంది. ఆదివారం చర్చిలో అందరూ కలిసి పాట అందుకున్నప్పటిలా ఆమె ఒళ్లు జలదరించింది.

"బయట గంత వాన పడ్తుంటే మీరు తెరనే చూస్తున్నరు," అన్నాడతను.

"మీరేం చూస్తున్నరు?"

"మిమ్మల్ని."

ఆమె వేలు మౌస్ మీదే ఆగిపోయింది.

"మీరు, దీవెన, నేను ఒక్కింట్ల ఉండాలని నాకున్నది. ముందు మీ మనసు తెలియాలె."

మనసు ఎప్పుడో ఒప్పుకుంది.

"మా అత్తమ్మను ఇడిసి రాలేను సార్. కొడుకును పోగొట్టుకున్న మనిషి. ఏమని అడగాలె?"

ఆ రాత్రి హెప్సిబా కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది. ఎల్లవ్వ చూసింది. మర్నాడు కోడలితో పాటు బస్సెక్కింది.

"ఏం సదువో నేను గూడ సూస్తా."

శాంతి కుమార్ ఓ చిన్న బోర్డుతో కంప్యూటర్‌కు హెప్సిబా చేసిన స్విచ్‌తో వెలిగేలా ఓ బల్బు తగిలించి ఉంచాడు. ఎల్లవ్వ కుర్చీ అంచున కూర్చుని, మౌస్‌ను కోడిపిల్లలా రెండు చేతులతో పట్టుకుంది.

"నొక్కు అత్తమ్మా."

తెర మీద స్విచ్ పచ్చబడింది. బల్ల మీద బల్బు వెలిగింది.

"యేసయ్యా!"

ఎల్లవ్వ వంగి బల్ల కింద చూసింది, ఎవరైనా దాక్కున్నారేమోనని. ఆర్పింది. వెలిగించింది. కొడవలి పట్టి పట్టి కాయలు కాసిన అరచేయి కోడలి చెంపకు ఆనించింది.

"ఇది నువ్వు జేసినవా బిడ్డా?"

"నేనే అత్తమ్మా."

ఎల్లవ్వ అతని వైపు తిరిగింది.

"కొడుకా, ఈ పిల్లంటే నీకిష్టమేనా?"

అతను గబుక్కున లేచి నిలబడ్డాడు. "ఇష్టమే అవ్వా."

"అత్తమ్మా, నీకెట్ల..."

"నెల దినాల సంది ఇంట్ల ఒకటే ముచ్చట. సార్ గిట్లన్నడు, సార్ గట్లన్నడు. సెవులున్నయి కదనే నాకు! నీకిష్టమేనా, నోరు తెరిసి సెప్పు."

"ఇష్టమే. గని నిన్ను ఇడిసి..."

"ఎవలు ఇడుస్తున్నరే నన్ను? మన పక్కన శ్యామలమ్మ ఇల్లు ఖాళీగనే ఉన్నది. గా ఇంట్లనే ఉండుండ్రి. దీవెన నా కొంగు పట్టుకొనే తిరుగుతది."

శాంతి కుమార్ చేతులు జోడించాడు. "నేనే పోయి శ్యామలమ్మతోని మాట్లాడొస్త అవ్వా."

"బస్సెక్కకముందే మాట్లాడిన," అంది ఎల్లవ్వ. "నువ్వచ్చి గోడలకు సున్నమెయ్యి."