శిల్పశ్రీ ఉంటే నడిచే డిస్కు

"యోగానంద అంటే మీరేనా?"

హెల్మెట్ కూడా తీయకుండా గుమ్మంలో నిలబడి అడిగింది ఆ అమ్మాయి. యోగానంద అప్పుడు నేల మీద బోర్లా పడుకొని కంప్యూటర్ వెనక వైర్లు చూస్తున్నాడు. గబుక్కున తల ఎత్తి టేబుల్‌కు ఠపీమని కొట్టుకున్నాడు.

"అవునండి."

"మా అక్క పెండ్లి వీడియో యాడ?"

కర్ణాటక అంచున ఉన్న పావగడ తాలూకాలో పెళ్లయినా సీమంతమైనా కెమెరా భుజాన వేసుకొని వాలిపోయేవాడికి ఎంతమంది అక్కలని గుర్తుంటారు? "ఏ అక్కండి?" అన్నాడు పాపం.

అనకూడని మాట అది. అమ్మాయి హెల్మెట్ తీసింది. చెదిరిన జుట్టు, ఎండకు కందిన బుగ్గలు, నిప్పులు కురిసే కళ్లు. ఇంత కోపంలో కూడా ఒక మనిషి ఇంత బాగుండటం ఎలా సాధ్యమో యోగానందకు అర్థం కాలేదు. ఆ రోజు నుంచి అతనికి అర్థం కాని విషయాల్లో అది మొదటిది.

"వై.ఎన్.హొసకోట ఊళ్లో ఆశ. మార్చిలో పెండ్లి. ఇది జూలై. ఫోన్ చేసినప్పుడల్లా రేపు, రేపు అంటాండారు. నేను ఆశ చెల్లెల్ని, శిల్పశ్రీ. సోలార్ పార్క్ కంట్రోల్ రూమ్‌లో పని చేస్తాండా. ఈ పొద్దు నాకు ఆఫ్. వీడియో ఇచ్చేదాకా ఈడనే ఉంటా."

"ఇస్తానండి. కానీ కంప్యూటర్..."

"దానికేమయింది, జ్వరమొచ్చిందా?" అని వెక్కిరించి, అంతలోనే గొంతు తగ్గించింది. "పెండ్లికి రెండు దినాల ముందర మా అమ్మ జారిపడింది. తుంటి ఎముక ఇరిగింది. ముహూర్తం మార్చేకి కాలేదు. అమ్మ ఆస్పత్రిలో ఉంటే మా పిన్నమ్మ పీటల మీద కూచుంది. మా అమ్మ కూతురి పెండ్లి చూడలేదండీ. దినామూ అడుగుతాది, వీడియో వచ్చిందా అని."

యోగానంద నేల మీంచి లేచి నిలబడ్డాడు. ఇక అబద్ధాలు చెప్పలేక ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. వీడియోలు వేగంగా ఎడిట్ చేద్దామని, యూట్యూబ్‌లో చూసి, ఒక కొత్త డిస్కును, ఒక పాత డిస్కును కలిపి ఒక్క డిస్కులా పెట్టుకున్నాడు. ప్రతి వీడియో చారలు చారలుగా తెగి సగం ఒక దాంట్లో, సగం రెండో దాంట్లో పడుతుంది. నెల నుంచి ఆ రెండో డిస్కు ఉన్నట్టుండి మాయమవుతోంది. అది లేకపోతే మొదటిదాంట్లో ఉన్నదంతా చిత్తు కాగితాల కింద లెక్క. ఆపి మళ్లీ ఆన్ చేస్తే కాసేపు వస్తుంది, మళ్లీ పోతుంది.

"రెయిడ్ జీరోనా!" శిల్పశ్రీ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "వేరే కాపీ యాడుండాది?"

"లేదండి. కెమెరా కార్డులు తుడిచేసి ఇంకో పెళ్లికి వాడినా."

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. తర్వాత చున్నీ నడుముకు బిగించి కుర్చీ లాక్కుంది. "ముందు కాపీ. రిపేరు తర్వాత. నా హార్డ్ డిస్క్ బ్యాగులో ఉండాది."

ఈలోగా ఇంట్లో హడావుడి మొదలైంది. అమ్మ హనుమక్క ఉడికించిన వేరుశనగ చెనిక్కాయలు పళ్లెంలో పోసి తెచ్చింది. నాయన కొల్లప్ప భుజం మీది తువ్వాలు సర్దుకొని ఎదుటి మంచం మీద కూర్చున్నాడు. సోలార్ పార్క్ గురించి, పలకల కిందికి పోయిన భూముల గురించి, మబ్బులు పావగడ దాకా వచ్చి ఏదో ఆలోచించుకొని ఆంధ్రాకు వెళ్లిపోవడం గురించి ఆయన చెప్తూనే ఉన్నాడు, ఆ పిల్ల వింటూనే ఉంది. కంప్యూటర్ బుద్ధిగా కాపీ చేస్తూనే ఉంది. రెండు గంటల్లో పావు వంతు అయింది.

"బాగానే ఉండాది కదండీ మీ డిస్కు. అట్లనే వదిలేయండి, సాయంత్రానికి అయిపోతాది," అని వెళ్లిపోయింది.

ఆమె స్కూటీ ఊరు దాటిన పావుగంటకు తెర మీద ఎర్ర అక్షరాలు. రెండో డిస్కు మాయం.

రెండో ఆదివారం కొత్త కేబుల్ తెచ్చింది. డిస్కు ఆరోగ్యం చూపించే ప్రోగ్రామ్ పెట్టి చూసింది. రెండూ గుండ్రాళ్లలా ఉన్నాయి. ఆమె ఉన్నంతసేపట్లో కాపీ సగానికి చేరింది. ఆమె పోయింది, డిస్కూ పోయింది. మధ్యలో ఆరు రోజులూ యోగానంద ఒక్కడే కుస్తీ పట్టాడు. పగలు పెడితే డిస్కు పడిపోయేది, రాత్రి పెడితే ఊళ్లో కరెంటే పోయేది. తాలూకా నిండా పలకలు పరిచి ఎండను కరెంటు చేసి ఎక్కడెక్కడికో పంపిస్తున్నారు. ఇక్కడ మాత్రం దీపం కింద చీకటి.

అసలు బాధ అది కాదు. డిస్కు బాగవ్వాలని అతనికి నిజంగానే ఉంది. బాగైతే ఆమె మళ్లీ రాదు. అందుకని బాగవ్వకూడదనీ ఉంది. వెంటనే వీడియో కోసం ఎదురుచూసే ఆమె తల్లి గుర్తొచ్చి, ఛీ, నేనేం మనిషినని తన్ను తానే తిట్టుకునేవాడు. శనివారం రాత్రి చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ కూడా తిట్టుకున్నాడు.

మూడో ఆదివారం ఆమె డిస్కును వేరే సాకెట్‌కు మార్చింది. పవర్ వైరు మార్చింది. వంటింట్లోకి పోయి తనే లోటాతో నీళ్లు ముంచుకొని తాగింది. హనుమక్క పూర్ణం పెట్టిన ఓళిగలు వడ్డిస్తే "రెండు చాలు పెద్దమ్మా" అంది.

పెద్దమ్మా! యోగానంద లెక్కలో పడ్డాడు. తన అమ్మ ఆమెకు పెద్దమ్మ అయితే తను ఆమెకు ఏమవుతాడు? ఆ లెక్క ఎటు తిప్పినా అన్న అనే వస్తోంది. పెద్దావిడ కనపడితే అందరూ అలాగే పిలుస్తారులే అని సర్దిచెప్పుకున్నాడు కానీ, ఓళిగ మాత్రం గొంతు దిగలేదు.

ముప్పావు వంతు అయ్యాక ఆమె లేచింది. "ఇంగ ముహూర్తం ఫైళ్లే మిగిలినాయి. ముట్టుకోవద్దండి, అట్లనే ఉండనీ."

స్కూటీ చప్పుడు దూరమైంది. ఇంకా పది నిమిషాలు కాలేదు, ఎర్ర అక్షరాలు. యోగానంద పళ్లు కొరికి, మోకాళ్ల మీద వంగి, కంప్యూటర్ వెనక చెయ్యి పెట్టి కేబుల్ గట్టిగా ఉందో లేదో తడుముతున్నాడు.

"హెల్మెట్ మర్చిపోయినా..."

గుమ్మంలో శిల్పశ్రీ. ఆమె చూపు తెర మీదికి పోయింది. తర్వాత కంప్యూటర్ వెనక ఉన్న అతని చేతి మీదికి వచ్చింది.

"ఓహో," అంది నెమ్మదిగా. "ఇదా సంగతి."

"అయ్యో, కాదండి! నేను చూస్తాండా, అంతే..."

"నేనుంటే నడుస్తాది, నేను పోతే పడిపోతాది. డిస్కుకు నా మీద ఏమన్నా ప్రేమా? నువ్వే వైరు పీకుతాండావు. నన్ను వారం వారం రప్పించేకి! ఆడ మా అమ్మ కండ్లు కాయలు కాసేట్ల చూస్తాంటే, ఈడ నీకు ఆటగా ఉండాదా?"

"ఒట్టు, నేను కాదు!"

"మరి ఎవరు, దయ్యమా?"

హెల్మెట్ లాక్కొని వెళ్లిపోయింది. యోగానంద అలాగే మోకాళ్ల మీద ఉండిపోయాడు. మూడు వారాలు 'మీరు' అన్న మనిషి ఈ రోజు 'నువ్వు' అంది. మర్యాద పోయినందుకు ఏడవాలా, దగ్గరితనం వచ్చినందుకు నవ్వాలా? రెండూ చేతకాక అమ్మ పిలిచేదాకా అక్కడే కూర్చున్నాడు. ఒక్కటి మాత్రం అతనికి బాగా తెలిసింది. వీడియో పోతే ఆమె తల్లికి అన్యాయం జరుగుతుంది. ఆమె నమ్మకం పోతే తనకు ఇక ఏమీ మిగలదు.

ఆ వారమంతా పెట్టిన మెసేజ్‌లకు బదులు లేదు. అయినా నాలుగో ఆదివారం స్కూటీ వచ్చి ఆగింది.

"ముహూర్తం ఒకటే బాకీ. అది తీసుకొని పోతా. మళ్లీ రాను," అంది అతని ముఖం చూడకుండా. "నువ్వు ఆ గోడకాడ కూచో. రెండు చేతులూ నాకు కనపడాల."

యోగానంద గోడకు ఆనుకొని బాసింపట్టు వేసి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. బడిలో గోడకుర్చీ వేయించినప్పుడు కూడా ఇంత వినయంగా లేడు.

కొల్లప్ప వాకిట్లోంచి తొంగిచూశాడు. "వచ్చినావామ్మా? మంచిది, కూచో," అని తువ్వాలు తలకు చుట్టుకొని తన దారిన తను పోయాడు.

కాపీ మొదలైంది. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. పైన ఫ్యాన్ చప్పుడు చేస్తూ తిరుగుతోంది. ఇంతలో ఆ చప్పుడు మారింది. ఫ్యాను ఈసురోమని మెల్లగా తిరగసాగింది. తెర మీద ఎర్ర అక్షరాలు.

యోగానంద రెండు చేతులూ ఠక్కున పైకెత్తాడు. "నేను కాదు! చూడండి, నేను కాదు!"

ఆమె అతని చేతుల వంక చూడలేదు. నోరు తెరుచుకొని ఫ్యాను వంక చూస్తోంది. రోజంతా వోల్టేజి అంకెలు చూసే ఉద్యోగం ఆమెది.

"ఇది రోజూ ఇట్లనే అవుతాదా?"

"ఏది?"

"ఫ్యాను!"

"చేన్లో మోటారు వేస్తే అంతే కదండి. అందరిండ్లలోనూ అంతే."

శిల్పశ్రీ కళ్లు మూసుకొని తెరిచింది. ఒక్క ఉదుటున వంగి, టేబుల్ కింద పచ్చ దీపంతో వెలుగుతున్న యూపీఎస్‌ను రెండు చేతులా ఎత్తబోయింది. అది బొరుగుల మూటలా తేలిగ్గా లేచి వచ్చింది.

"దీంట్లో బ్యాటరీ ఏది?"

వంటింట్లోంచి హనుమక్క తీరిగ్గా జవాబిచ్చింది. "అదా? ఆ నడుమ మీ మామ తీసుకున్నాడు కదమ్మా, చెనిక్కాయకు మందు కొట్టే మిషనుకు. దానిది పాడైపోయింటే ఇది సరిగ్గా సరిపోయింది. బాగా పని చేస్తాండాది!"

నాయన చేసిన పనికి యోగానంద తల పట్టుకున్నాడు. మోటారు వేస్తే ఇంట్లో వోల్టేజి పడిపోతుంది. ఆదుకోవాల్సిన బ్యాటరీ చేనులో మందు కొడుతోంది. కరెంటు చాలక ముసలిదైన రెండో డిస్కు చేతులెత్తేస్తోంది. ఇన్నాళ్ల దయ్యం అదే. కానీ ఇంకొకటి అర్థం కాలేదు. మరి ఇన్ని ఆదివారాలూ ఆమె ఉన్నప్పుడు ఎందుకు పడలేదు?

ఆ ప్రశ్నే ఆమెకూ వచ్చినట్టుంది. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు ఇంటి వెనక చేనుకు పరిగెత్తారు. కొల్లప్ప స్టార్టర్ డబ్బా పక్కన నిలబడి, చెనిక్కాయ సాళ్ల మీద చిమ్ముతున్న నీళ్లను మురిపెంగా చూస్తున్నాడు.

"నాయనా, మోటారు ఆపు!"

"ఏమిట్రా? త్రీఫేస్ వచ్చిందే ఇప్పుడు..."

"పెద్దాయనా," శిల్పశ్రీ రొప్పుతూ అడిగింది. "నేను వచ్చిన మూడు వారాలూ మీరు మోటారు వేయలేదా?"

"యాడేస్తానమ్మా? చుట్టం ఇంట్లో కూచోనుంటే, వదిలేసి చేనికి పోతారా ఎవరన్నా? మర్యాదేనా అది? నువ్వు పోయినాక వేస్తాంటి."

"మరి ఈ పొద్దు వేసినారే?"

కొల్లప్ప ఆమెను వింతగా చూశాడు. ఆ ప్రశ్నలో ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

"ఈ పొద్దు నువ్వు చుట్టానివా? నీ నీళ్లు నువ్వే ముంచుకొని తాగుతాండావు. మావాన్ని గోడకాడ కూచోబెట్టి గద్దిస్తాండావు. ఇంగా నీకు మర్యాదలు చేస్తా కూచుంటే చెనిక్కాయకు నీళ్లెవరు పెడతారమ్మా?"

శిల్పశ్రీ చెవులు ఎర్రబడ్డాయి. గాలికి నీటి తుంపరలు ముఖం మీద పడుతున్నా పక్కకు జరగలేదు. కొల్లప్ప మోటారు ఆపి, ఈ కాలం పిల్లలు ఏమో అనుకుంటూ గట్టు మీద కూర్చున్నాడు.

తిరిగి వస్తూ దారిలో ఆగింది. "సారీ. నిన్ను అనుమానించినా."

"ఒక పక్క నిజమే కదా," అన్నాడు యోగానంద. ఇంక దాచుకోవడం అతని వల్ల కాలేదు. "వైరు నేను పీకలేదు. కానీ డిస్కు పడినప్పుడల్లా, నువ్వు మళ్లీ వస్తావని నాకు సంతోషంగా ఉండింది. మీ అమ్మ సంగతి తెలిసి కూడా. అది తప్పే. నువ్వంటే నాకిష్టం శిల్పా. డిస్కు బాగైనాక కూడా నువ్వు రావాల."

ఆమె సాళ్ల వంక తిరిగింది. "ముందు ముహూర్తం కాపీ కానీ," అంది. "ఆ హార్డ్ డిస్క్ నేను తీసుకుపోను. నువ్వే తెచ్చి మా అమ్మ చేతికియ్యి. నాతో చెప్పిన మాట ఆమెతో చెప్పేకి ధైర్యముంటే."

అది ఒప్పుకోవడమో, పరీక్షో అతనికి తేలలేదు.

మరుసటి ఆదివారం వై.ఎన్.హొసకోటలో శిల్పశ్రీ వాళ్లమ్మ సంజీవమ్మ చేతికర్ర పక్కన పెట్టుకొని టీవీ ముందు కూర్చుంది. యోగానంద వెనక నిలబడ్డాడు. బస్సులో వల్లె వేసుకొని వచ్చిన మాటలన్నీ గుమ్మం దాటగానే ఎగిరిపోయాయి. తెర మీద ఆశ మెడలో తాళి పడింది. మేళం హోరెత్తింది. సంజీవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఆపమని, వెనక్కి తిప్పమని, తాళి కట్టిందే మూడుసార్లు చూసింది.

తర్వాత కళ్లు తుడుచుకొని వెనక్కి తిరిగింది. యోగానందను చూసింది. తలుపు చాటున గోరు కొరుక్కుంటున్న చిన్న కూతురిని చూసింది.

"ఒక పెండ్లి టీవీలో చూసినా. చాలు," అంది. "రెండోది నా కండ్ల ముందరే జరగాల. నేను ముందు వరసలో కూచోవాల. మీ నాయన్ను, అమ్మను పిల్చుకొని రాప్పా."

యోగానంద అటూ ఇటూ చూశాడు. "ఎవరి... ఎవరి పెండ్లి?"

"నోరు తెరిచి చెప్పేకి చేతగానోడు వీడియోలు ఎట్ల తీస్తాండావు నాయనా?" సంజీవమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏదో గుర్తొచ్చి గడ్డం కింద వేలు పెట్టుకుంది. "అది సరే కానీ, నువ్వు పీటల మీద కూచుంటే ఆ వీడియో ఎవరు తీస్తారప్పా?"

యోగానంద నిజంగానే ఆలోచనలో పడ్డాడు. శిల్పశ్రీ తలుపు చాటున నవ్వాపుకోలేక కింద కూలబడింది.