ఏడో నిమిషం

"నాలుగు గంటలకు నూకయ్యను సముద్రంలోకి తోసేస్తారు."

సీక్రెట్ లైన్‌లో చీఫ్ మురళీమోహన్ ముందుగా అన్నది అంతే. ఏజెంట్ యుగంధర్ వాచీ చూసుకున్నాడు. మూడూ పది.

శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డునున్న ఐస్ ఫ్యాక్టరీకి అతను మేనేజరు. ఊరికి తెలిసింది అంతవరకే. వెనక గదిలోని కంప్యూటర్ సంగతి ఊరికి తెలియదు.

టూరిస్టుల వేషంలో వచ్చిన విదేశీ ముఠా నూకయ్య పడవను అద్దెకు తీసుకుంది. నేవీ మ్యాపులు నడిసముద్రంలో ఓ ఓడకు చేరాలి. చేరాక పడవవాడు సాక్షి. సాక్షి బతకకూడదు. నూకయ్య మన మనిషని ముఠాకు తెలియదు. అతని వల బెండులో దాచిన బీకన్, పడవ ఎక్కడుందో చెబుతూ పంపే కోడ్‌ను విప్పగలిగేది ఈ కంప్యూటర్ ఒక్కటే. అందుకు పది నిమిషాలు కావాలి.

నిన్న ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశారు. అప్పటినుంచి కంప్యూటర్ ఏడో నిమిషంలో ఆగి, మళ్ళీ మొదటికొస్తోంది.

"వైజాగ్‌లో ఈ ప్రోగ్రామ్ కాపీ లేదా?" అడిగాడు చీఫ్.

"లేదు సర్."

"ఎందుకు లేదు?"

"నేనే వద్దన్నాను. సెక్యూరిటీ."

చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

అప్‌గ్రేడ్ చేసింది సుహాసిని. విజయనగరం పిల్ల. నల్లకళ్ళద్దాలు, పట్టుచీర, లిప్‌స్టిక్‌లో కెమెరా. ఆమె తమ మనిషని ముఠా నమ్మింది. తమ మనిషని డిపార్ట్‌మెంటూ నమ్మింది. యుగంధర్ ఎవరినీ నమ్మడు. భార్య పోయాక ఆ జబ్బు ముదిరింది.

గదిలోనే ఉన్న ఆమె కుడిచేతికి బేడీ వేసి కిటికీ ఊచకు తగిలించాడు.

"ఎంతిచ్చారు నీకు?"

"ఎవరు?"

"లోపల ఏం పెట్టావ్?"

"అప్‌గ్రేడ్ పెట్టాను. మీరు సంతకం చేసిన కాగితం మీ సొరుగులోనే ఉంది, చూసుకోండి."

అతను పెన్‌డ్రైవ్‌లన్నీ పీకాడు. ప్రింటర్ వైరు పీకాడు. యూపీఎస్ మార్చాడు. సేఫ్ మోడ్‌లో నడిపాడు. ఏడో నిమిషంలో తెర నల్లబడింది.

మూడూ ఇరవై.

తలుపు తట్టిన చప్పుడు. పిస్తోలు తీశాడు.

"కోడ్?"

"వంజరం తెచ్చాను, బాబూ."

గంపతో దేముడమ్మ నిలబడి ఉంది. ఫ్యాక్టరీలో ఊడుస్తుంది. చేపల గంపలో సందేశాలు మోస్తుంది. నూకయ్య భార్య. మొగుడి ప్రాణం పోయే గంటలో కూడా ఆమెను కోడ్ అడిగానని అతనికి తర్వాత గానీ తట్టలేదు.

"మా మావ పేణం ఆ పెట్టిలోనే ఉన్నాదంట కదా. ఏటయింది బాబూ?"

"నువ్వు బయటుండు."

ఆమె గడప అవతలే ఆగింది. పదిహేను రోజులుగా అక్కడే ఆగుతోంది. ఈ గదిలోకి చీపురు రాకూడదని ఆర్డర్ వేసింది యుగంధరే.

"యుగంధర్ గారూ," కిటికీ దగ్గర్నుంచి అంది సుహాసిని. "తప్పు జరిగితే తానే రీస్టార్ట్ అయ్యే సెట్టింగ్ ఒకటుంటుంది. అది ఆపండి. సాఫ్ట్‌వేర్ తప్పయితే నీలి తెరమీద ఎర్రర్ కోడ్ పడుతుంది. నేను దొంగనో కాదో అదే చెబుతుంది."

ఆపాడు. ఇద్దరూ తెర వైపు చూస్తూ నిలబడ్డారు. ఏడో నిమిషం. నీలి తెర లేదు, కోడ్ లేదు. దీపం ఆర్పినట్టు ఆరింది.

మూడూ ముప్ఫై.

"అయితే కరెంటు, లేకపోతే వేడి. కరెంటు మీరు మార్చేశారు. పెట్టె మీద చెయ్యి వేయండి."

వేశాడు. పెనంలా కాలింది.

"వెనక్కి తిప్పండి."

తిప్పాడు. ఫ్యాన్ జల్లెడ కనబడలేదు. దాన్నిండా ఎండిన బంతిపూలు. కింద పసుపూ కుంకుమా తడికి ముద్దకట్టి గచ్చులా బిగుసుకుపోయాయి.

దసరాకు ఫ్యాక్టరీలో కంప్రెసర్లకు ఆయుధపూజ చేశారు. మేనేజరు వేషానికి లోటు రాకూడదని అతను కంప్యూటర్‌కూ చేశాడు. కుంకుమ నీళ్ళు దోసిలితో చల్లాడు. భార్య ఉంటే ఒక్క బొట్టు పెట్టి ఊరుకునేది. పాత సిస్టమ్ మెల్లగా నడిచి ఎలాగో నెట్టుకొచ్చింది. కొత్తది మొదటి క్షణం నుంచీ పరుగే. ఆ వేడి బయటికి పోయే దారి లేదు.

"నాను సెప్పాను కదా బాబూ," గడప అవతల దేముడమ్మ గొంతు పెరగలేదు. "మూడోరోజుకే పూలు తీసెయ్యాల అన్నాను. నానొచ్చి తీసేత్తానంటే, నీకేటి తెలుసే, పో అన్నారు."

అతను తలుపు పూర్తిగా తెరిచాడు.

"లోపలికి రా," అన్నాడు.

ఆమె చీపురుతో వచ్చింది. అతను పక్క మూత ఊడదీశాడు. సుహాసిని ఎడంచేత్తో జడలోంచి పిన్ను తీసి విసిరింది. దానితో అతను కుంకుమ పెళ్ళలు గీకాడు. దేముడమ్మ దండ లాగి, చీపురు పుల్లలతో రెక్కల సందులు దులిపింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే బయటికెళ్ళి ఐసు దిమ్మ తెచ్చి టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టింది.

"ఐసు ఫ్యాట్రీలో ఉండి ఉక్కపోతేటి బాబూ?"

మూడూ నలభై. స్విచ్ నొక్కాడు. లోపలి ఫ్యాన్ గర్రుమని తిరిగింది.

ఐదు. ఆరు. ఏడో నిమిషంలో దేముడమ్మ కళ్ళు మూసుకుంది. ఎనిమిది.

మూడూ యాభైకి లొకేషన్ తెరమీద పడింది. గంట నుంచి సముద్రంలో వెతుకుతున్న కోస్ట్ గార్డ్ బోట్లకు పంపాడు.

మూడూ యాభై తొమ్మిదికి ఫోన్.

"ముఠా దొరికింది. మ్యాపులు దొరికాయి. నూకయ్యను పడవ అంచున నిలబెట్టి ఉంచారట. బతికే ఉన్నాడు."

యుగంధర్ ఆ మాట తిప్పి చెప్పగానే దేముడమ్మ చీపురు గోడకు ఆనించి దండం పెట్టింది.

"విద్రోహం ఎవరిది?" అడిగాడు చీఫ్.

"నాది సర్."

బేడీ తీశాడు. సుహాసిని మణికట్టు చుట్టూ ఎర్రటి గీత పడింది. క్షమించమని అడగాలనుకున్నాడు. ఆమె ఆగలేదు. పిన్ను ఏరుకుని, జడలో గుచ్చుకుని వెళ్ళిపోయింది.

"మీ సేతులు కడుక్కోండి బాబూ," అంది దేముడమ్మ. "ఎర్రగా ఉన్నాయి."

కడిగాడు. రెండుసార్లు కడిగాడు.

మర్నాడు హెడ్ క్వార్టర్స్ నుంచి, ఆ గదిలోకి అనుమతి ఉన్నవారి కొత్త జాబితా వచ్చింది. సుహాసిని, దేముడమ్మ, ఒక చీపురు. నాలుగో పేరు లేదు.