కొత్తవి బిగించిపోయిన దొంగ

దొంగతనం జరిగిందని వచ్చిన మనిషి, పోయినదానికంటే ఖరీదైన వస్తువు ఇంట్లో చేరిందని ఏడవడం చిన్నబ్బ ఎన్నడూ చూడలేదు.

డిటెక్టివ్ దొరస్వామి దగ్గర అసిస్టెంటుగా చేరకముందు అతను ఎస్టీడీ బూత్ నడిపాడు. అద్దం తలుపు వెనక నిలబడి ఊరందరి ఏడుపులూ విన్నవాడు. అయినా ఇది కొత్త. తిరుపతిలో డిటెక్టివ్ పనంటే ఎక్కువగా పెళ్లికొడుకు తాగుతాడా లేదా అని కనుక్కోవడమే. తాగుతాడని తేలితే, "మామూలుగానే గదా?" అని అడిగి సంబంధం ఖాయం చేసుకునే మర్యాదస్తులే ఎక్కువ.

"నిదానంగా చెప్పమ్మా," అన్నాడు దొరస్వామి.

వచ్చినామె పేరు గ్రేసీ. ఒక ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచరు. గిటార్‌ను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ఉంది.

"ఇది మా నాయనది సార్. ఆయన పోయి మూడేండ్లయింది. తీగలు బిగించే ఈ కీలుండాయి సూడండి, అవి ఆయనే మద్రాసు నుంచి తెచ్చి, తన చేత్తో బిగించినాడు. వెనక మూత లేనివి, పళ్లచక్రాలు బయటికే కనపడతాయి. దసరా సెలవులకి చిత్తూరులో మా పెద్దమ్మ ఇంటికి పోయి వచ్చేసరికి అవి లేవు. వాటి బదులు ఇవి, మూతేసి సీలు చేసినవి బిగించి ఉండాయి."

"ఎవరిమీదైనా అనుమానం?"

"సుకుమార్. నన్ను చేసుకోబోయేవాడు." గ్రేసీ గిటార్‌ను ఇంకా దగ్గరికి లాక్కుంది. "ఏడాదిగా ఒకటే పోరు సార్. మూతవి వేయించు, దుమ్ము పడదు, నూనె వేసే పని ల్యా అని. నేను కుదరదన్నా. నేను ఊర్లో లేనప్పుడు వేయించేసినాడు. అడిగితే నేను కాదంటాడు. నాయన వస్తువు పీకి పారేసి, మొగం మీదే అబద్ధం చెప్పేవాడితో బతికేదెట్ల? జనవరిలో పెండ్లి. కార్డులు అచ్చుకియ్యలా. ఆదివారం లోపల నిజం తేలకపోతే పెండ్లి వద్దని చర్చిలో చెప్పేస్తా."

దొరస్వామి గిటార్ తీసుకుని తల భాగం వెలుతురుకి తిప్పాడు.

"వచ్చినాక నువ్వేమైనా తాకినావా?"

"లేదు సార్. ఎట్లున్నిందో అట్లే తెచ్చినా."

"చిన్నబ్బా, తీగలు సూడు."

చిన్నబ్బ కళ్లు చికిలించి చూశాడు. "ఆరుండాయి సార్."

"శభాష్. కీలకు యా పక్కనుంచి చుట్టుండాయో సూడు. లోపలి పక్కనుంచి పోవాల్సినవి బయటి పక్కనుంచి పోయినాయి."

తర్వాత స్క్రూడ్రైవర్‌తో ఒక కీ విప్పాడు. దాని కింద పాత స్క్రూల బెజ్జాలు కనిపించాయి. వాటిలో ఏవో పుల్లముక్కలు దూర్చి పూడ్చారు. సూదితో ఒకటి పైకి లాగాడు. సన్నటి వెదురు పుల్ల, ఒక చివర ఎర్రరంగు. వాసన చూసి చిన్నబ్బ ముక్కు దగ్గర పెట్టాడు. చిన్నబ్బకు ఎందుకో దండం పెట్టుకోవాలనిపించింది. డిటెక్టివ్ ఆఫీసులో అది బాగుండదని ఊరుకున్నాడు.

సుకుమార్ సూళ్లూరుపేటలో ఒక ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. దొరస్వామి కబురంపితే సెలవు పెట్టి ఆఫీసుకు వచ్చాడు. గడ్డం చూస్తే నిద్రపోయి చాలా రోజులైనట్టుంది.

"గ్రేసీ లేనప్పుడు వాళ్లింటికి పోయినావా?"

"పోయినా సార్. ఎప్పుడొస్తాదో కనుక్కుందామని."

"ఫోన్ చేసి అడగొచ్చు గదా?"

"పెద్దమ్మ ఎత్తుతాది సార్."

దొరస్వామి ఆ జవాబును గౌరవించి ముందుకు పోయాడు. "మూతవే మంచివన్నావంట?"

"అన్నా. నా గిటార్‌కు అవే వేసుకున్నా. ఆమె వద్దనింది. నేను విసిగించినా, అంతే. పీకలా."

దొరస్వామి బల్ల మీది గిటార్ ముందుకు జరిపాడు. "ఒక తీగ ఊడింది. చుట్టిపెట్టు అబ్బా."

సుకుమార్ మాట్లాడుతూనే తీగను లోపలి పక్కనుంచి చుట్టేశాడు. చూడనైనా చూడలేదు.

సాయంత్రం డిటెక్టివ్‌లిద్దరూ అలిపిరి రోడ్డు పక్క సందులో గ్రేసీ బాడుగకున్న ఇంటికి వెళ్లారు. ఓనరు కృష్ణమూర్తి రిటైరైన సర్వేయరు. గ్రేసీ ఉండే పై పోర్షనుకు సున్నం కొట్టిస్తున్నందువల్ల ఆమె ఊరికి పోతూ గిటార్‌ను కింద వాళ్ల హాల్లో పెట్టిపోయింది.

గేటు తాళానికి గంధం, కుంకుమ బొట్టు. స్కూటర్‌కు బొట్టు. లోపల ఫ్రిజ్జుకు, మిక్సీకి, కుట్టుమిషనుకు, కరెంటు మీటరుకు, టీవీకి, టీవీ రిమోటుకు విడిగా, పోకచెక్కలు కత్తిరించే అడకత్తెరకు కూడా బొట్టు. చిన్నబ్బ కుర్చీలో కూర్చునే ముందు దానిమీద ఏమైనా ఉందేమోనని చూసుకున్నాడు.

"ఆ పిల్లోడు వచ్చినాడు," అన్నాడు కృష్ణమూర్తి. "గిటార్ పక్క సూసినాడు. అంతకుమించి నేనేం చెప్పను. ఒకరి మీద చెప్పేది మనకెందుకు?"

"సూసినాడా, తాకినాడా?"

"సూసినాడు. సూపుల్లో తేడా ఉంటాది గదా."

అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉన్న వంటింట్లో ఆయన భార్య రాఘవమ్మ ఉన్నట్టుండి గిన్నెలు గట్టిగా తోమడం మొదలుపెట్టింది.

బయటికొచ్చాక చిన్నబ్బ అన్నాడు, "ఇంక సందేహం ల్యా సార్. సుకుమారే."

"నువ్వట్లన్నావంటే నాకు ధైర్యంగా ఉండాది," అన్నాడు దొరస్వామి. చిన్నబ్బ దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

శనివారం సాయంత్రం అందరూ ఆ హాల్లోనే కూడారు. రాఘవమ్మ కాఫీ ఇచ్చింది. గ్రేసీ ఒక మూల, సుకుమార్ ఇంకో మూల కూర్చున్నారు. నడుమ టీవీ, బొట్టుతో.

"ఈ పిల్లోడు దోషి అయితే, రేపు ఈ పెండ్లి ఆగిపోతాది," అని మొదలుపెట్టాడు దొరస్వామి.

కృష్ణమూర్తి నోటిదాకా ఎత్తిన కాఫీ గ్లాసు దించాడు. "పెండ్లి... ఆగేదేంది?"

"మీకు చెప్పలా? సరే, వినండి. ఈ కొత్త కీలు బిగించినోడికి గిటార్ వాయించడం రాదు. తీగలు తప్పు పక్కనుంచి చుట్టినాడు. సుకుమార్ కండ్లు మూసుకుని చుట్టినా సరిగ్గా చుడతాడు, నేనే సూసినా. ఇంక, పాత బెజ్జాలు అగరొత్తి మొండి పుల్లలతో పూడ్చినాడు. అవి సుకుమార్ ఇంట్లో ఉండవు, గ్రేసీ ఇంట్లో ఉండవు. కాల్చినాక మిగిలిన పుల్లను గూడా పనికొస్తాదని దాచుకునే ఇంట్లో ఉంటాయి."

అందరూ పూజగది వైపు చూశారు. అక్కడ ఒక గ్లాసు నిండా పుల్లలున్నాయి.

"ఆ వారంలోనే ఆయుధపూజ వచ్చింది. ఈ ఇంట్లో రిమోటుకే బొట్టు తప్పలేదు. ఆరు పళ్లచక్రాలు బయటికి తెరిచి పెట్టుకున్న గిటార్‌ను రాఘవమ్మగారు ఊరికే వదిలుంటారా?"

రాఘవమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. "చక్రాలుండాయి గదా నాయనా. పాపం ఆ బిడ్డ వస్తువుకి చేయకపోతే ఎట్లని పండ్ల సందుల్లోకంటా గంధం పూసినా."

ఇక దాచి లాభం లేదని కృష్ణమూర్తి గ్లాసు కింద పెట్టాడు. "అది ఎండి రాయైపోయింది. కీ తిరగలా. కొబ్బరినూనె పోసినా. ఇంకా బాగా అతుక్కునింది. కటింగ్ ప్లేయర్‌తో తిప్పితే ఒక చక్రం పల్లు ఇరిగింది. షాపుకి పోతే రెండు రకాలు చూపించినారు. మూతవే తీసుకున్నా."

"మూతవే ఎందుకు?" అన్నాడు సుకుమార్, ఆశగా.

"మళ్లీ దసరా వస్తాది గదా అబ్బా."

"నాకు చెప్పుంటే సరిపోయేది గదా అంకుల్?" అంది గ్రేసీ.

"ఇంటి ఓనర్ని గదమ్మా," అన్నాడు కృష్ణమూర్తి దీనంగా. "పెండ్లి దాకా పోయిందని తెలిస్తే, వెంటనే చెప్పేసుందును. ఆ పిల్లోడు సూసినాడని మాత్రమే అన్నా. సూసినాడు గూడా."

గ్రేసీ కళ్లు నిండాయి. "మరి నాయనవి? పారేసినారా?"

"మధ్యతరగతి ఇంట్లో పాడైన వస్తువు బయటికి పోదమ్మా," అన్నాడు దొరస్వామి. "అటక మీదికి పోతాది."

రాఘవమ్మ అప్పటికే స్టూలు ఎక్కుతోంది. ఊరగాయ సీసాలో కిరోసిన్ పోసి నానబెట్టిన పాత కీలు దిగివచ్చాయి. గంధం కరిగి అడుగున చేరింది. పళ్లచక్రాలు మెరుస్తున్నాయి. ఒకదానికే ఒక పన్ను లేదు.

గ్రేసీ వాటిని గుడ్డలో తుడుచుకుంటూ, తల ఎత్తకుండానే అంది, "నువ్వు కాదన్నప్పుడు నేను నమ్మలా సుకుమార్. తప్పు నాదే."

"ఏడాది పోరు పెట్టింది నేనేగదా. నేను జడ్జినైనా నాకే శిక్ష వేసుందును." అతను లేచి ఆమె పక్కకు వచ్చాడు. విరిగిన చక్రాన్ని వేలితో తిప్పి చూశాడు. "నా గిటార్ నుంచి తీసిన పాతవి ఇంట్లో ఉండాయి. ఇదే సైజు. ఒక చక్రం వాటి నుంచి తీసి దీనికేస్తా. మిగతావి అన్నీ మీ నాయనవే."

"మూతవే మంచివంటివే?"

"మంచివే. నాకు. నీకు ఇవి మంచివి. రోజూ సూసి, తుడిచి, నూనె వేసేవాళ్లకి మూతెందుకు?"

గ్రేసీ మొదటిసారి నవ్వింది.

"ఆ కొత్తవి షాపోడు వాపసు తీసుకుంటాడంటావా?" అన్నాడు కృష్ణమూర్తి. "డబ్బా దాచినా."

గ్రేసీ సీసా మూత బిగించి సుకుమార్ వైపు చూసింది. "కార్డులచ్చేసే ప్రెస్సు ఎప్పుడు మూస్తారు?"

"ఎనిమిదికి."

"అయితే లే. కార్డులు ఈ పొద్దే ఇచ్చేద్దాం."

సుకుమార్ ఎంత తొందరగా బయలుదేరాడంటే, అతని కాళ్లకు కృష్ణమూర్తి చెప్పులున్నాయని గేటు దాటేదాకా ఎవరూ గమనించలేదు. దొరస్వామి గమనించాడు. చెప్పలేదు.