ఆయన పేరున అడిగిన చేబదులు

"వద్దన్నా! సచ్చిపోతడన్నా... నీ కాళ్ళు మొక్కుత, ఆపన్నా!"

తృప్తి కేకకు సుచిత్ర ప్రాంతంలోని ఆ అపార్టుమెంటులో తలుపులన్నీ తెరుచుకున్నాయి గానీ, ఒక్కరూ గడప దాటి రాలేదు. హాలు మధ్యలో ఆమె అన్న జనార్ధన్ ఇనుపరాడ్ పట్టుకుని నిలబడ్డాడు. సోఫా పక్కన నెత్తురోడుతూ పడి ఉన్నాడు ఆమె భర్త శ్రీకాంత్! కంప్యూటర్ పగిలింది, టీపాయ్ అద్దం ముక్కలైంది... అయినా ఆ అన్న కోపం చల్లారలేదు.

"మూడు నెలల్ల ఇస్తనని పైసలు తీస్కపోతివి! ఏడాదాయె! నీ మాట నమ్మితే శామీర్‌పేటల నా ప్లాటు అడ్వాన్సు మునిగె, నలుగురిల ఇజ్జత్ పోయె! నోరు లేస్తలేదేందిరా?"

శ్రీకాంత్ నోరు విప్పలేదు. అదే తృప్తి గుండెను కోసేస్తోంది! ఆలుమగలిద్దరూ కలిసి నడిపే ఆడిట్ ఆఫీసు వాళ్ళది. పని ముందు చేయాలి, బిల్లు తర్వాత వస్తుంది. మేడ్చల్ ఫ్యాక్టరీల వాళ్ళు డబ్బు పంపేసరికి నెలలు గడిచిపోతాయి. ఉద్యోగుల జీతాలు మాత్రం ఒకటో తారీఖున ఇచ్చి తీరాలి. ఈలోపు గడవడానికి ఎప్పుడూ చేబదుళ్ళే! బ్యాంకు ఇక ఇవ్వనన్నప్పుడు అన్నను అడుగుదామన్నది తృప్తే. కానీ తను అడగలేదు. ఆడబిడ్డ చేతిలో పెట్టిన రూపాయిని తన పుట్టింట్లో తిరిగి అడగరు. పసుపు కుంకుమల కింద ఇచ్చేశామని చెప్పి, భూమిలో ఆమె పాలు తుడిచేస్తారు. మేనత్తలకు అలాగే జరిగింది. ఆ భయంతోనే "నీ అవసరమని చెప్పు, నా పేరెత్తకు" అని భర్త చేత ఒట్టు వేయించుకుంది... ఆ పిచ్చి మనిషి ఒట్టుకు కట్టుబడి దెబ్బలు తింటున్నాడు!

రాడ్ మళ్ళీ లేచింది. అడ్డుపెట్టిన శ్రీకాంత్ కుడిచెయ్యి పుటుక్కున విరిగింది!

తృప్తి ఒక్క ఉరుకున భర్త మీద పడింది. "కొట్టు! నన్ను కొట్టు! ఆ పైసలు అడిగిపిచ్చింది నేను! ఆయనకు ఒట్టు పెట్టి పంపింది నేను!"

జనార్ధన్ నిర్ఘాంతపోయాడు. "నువ్వా?... నువ్వే అడిగితే అయిపోవు గదనే! నా చెల్లెను పైసలు తిరిగడుగుతనా?"

"అడగవు! పసుపు కుంకుమల కింద రాసుకుంటవు! నా పాలు పోతదని బుగులు పడ్డ... గా భూమి కోసం ఈయన్ని నీ చేతిల పెట్టిన! పాపిష్టిదాన్ని!"

జనార్ధన్ రాడ్ కిందికి దించాడు. గొంతు తగ్గించి, "సరే తియ్... ఇగ ఆ పైసలు వద్దు. నీ పాలు ఇచ్చేసిననుకుంట," అన్నాడు.

ఆ మాటతో తృప్తి ఏడుపు ఆగిపోయింది.

"ఇంకా లెక్కలేనా అన్నా? నీ పైసలు అసలు, మిత్తితోని కడత. నా పాలు నాకు గావాలె. మరి ఈ చెయ్యి... దీన్ని ఏం బెట్టి కడతవు నువ్వు?"

రాడ్ జారి కింద పడింది. అంత మనిషీ గోడకానుకుని కూలబడిపోయి వలవలా ఏడ్చాడు!

"బావా..." శ్రీకాంత్ పెదవులు కదిలాయి. "తృప్తినేమనకు."

అంత నొప్పిలోనూ ఆయన అడిగింది అదొక్కటే! తృప్తి భోరుమంది. ఏడుస్తూనే ఆయన్ను ఒక పక్క పట్టుకుని లేపబోయింది. రెండో పక్క పట్టమని అన్నను పిలవలేదు. అతనే వచ్చి పట్టాడు.