ఫారంలో రెండో పేరు

"ట్యాగ్ చూపించండి అక్కా."

"ఏం ట్యాగ్? అది నా కూతురు!"

"కావచ్చండీ. ట్యాగ్ ఉంటేనే పంపిస్తాను."

దేశం కాని దేశంలో, మౌంట్ రాస్కిల్ అనే ఊళ్లో తెలుగు చర్చి. పిల్లల గది గుమ్మానికి అడ్డంగా చిన్న గేటు. అటుపక్క రెజినాల్డ్, ఇటుపక్క లవ్లీ. వారమంతా సిటీ బస్సు నడిపే రెజినాల్డ్ ఆదివారం మాత్రం సండే స్కూల్ వాలంటీరు.

లవ్లీ హ్యాండ్‌బ్యాగ్ దులిపింది. కోటు జేబులు తిప్పి చూసింది. బైబిల్ పేజీల్లో కూడా వెతికింది. పొద్దున పిల్లని దింపినప్పుడు ఇచ్చిన కాగితం అది. దాని జోడీ పిల్ల వీపుకి అంటించి ఉంటుంది. మధ్యలో వానలో కారు దాకా పరిగెత్తింది కదా, అక్కడే పడిపోయి ఉంటుంది.

లోపల్నించి నాలుగేళ్ల ఎమిలీ "మమ్మీ!" అని చేతులు ఊపింది.

"విన్నారా? నన్నే మమ్మీ అంటోంది!"

"పోయిన వారం నన్ను కూడా అందండీ."

లవ్లీకి ఒళ్లు మండింది. "అయినా నేను మీకు అక్కనా? మీకెన్నేళ్లు?"

"ముప్పై ఒకటి."

"నాకు ఇరవై ఎనిమిది!"

"సారీ. ట్యాగ్ చూపించండి చెల్లెమ్మా."

"అదీ వద్దు!"

గొడవ విని ఆనందమ్మ ఆంటీ వచ్చింది. రిటైరైన నర్సు, సండే స్కూల్ బాధ్యత ఆవిడదే. లవ్లీ లైసెన్సు చూసి, ఎమిలీ ఫారం తీసి ఫొటో సరిపోల్చుకుని సంతకం పెట్టింది. పెడుతూ ఆగింది.

"పిల్లని తీసుకెళ్లే వాళ్ల పేర్లు ఇద్దరివి రాయాలమ్మా. రెండోది ఖాళీగా వదిలేశావే?"

"వాళ్ల నాన్న పోయాక ఇంకెవరున్నారని రాయను ఆంటీ?"

రెజినాల్డ్ చప్పుడు కాకుండా గేటు తీశాడు. తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం దాకా లవ్లీ అతన్ని తిట్టుకుంది. పిల్లకి అన్నం పెడుతుంటే చెయ్యి ఆగిపోయింది. నాకే ఇవ్వని మనిషి ఇంకెవరికిస్తాడు? భర్త పోయినప్పట్నించీ, మూడేళ్లుగా ఆమెకి స్థిమితం లేదు. రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్లకి స్నానాలు చేయిస్తున్నా, బస్సులో కూర్చున్నా, పిల్ల ఎలా ఉందో అన్న బెంగే. చర్చిలో కూడా ప్రసంగం మధ్యలో లేచి వెళ్లి గది వైపు చూసొచ్చేది.

"నాలుగుసార్లు తొంగి చూసే బదులు వాలంటీర్‌గా చేరి లోపలే ఉండు" అంది ఆంటీ ఒకరోజు.

"పదో తరగతి కూడా పూర్తిచెయ్యలేదు ఆంటీ. వాలంటీర్ల రూల్స్ ఉన్న ఆ ఇంగ్లిష్ పుస్తకం నేనెక్కడ చదవగలను?"

"రెజినాల్డ్ చదివి చెప్తాడు."

పిల్లలతో పనిచేసేవాళ్ల మీద కేసులేమైనా ఉన్నాయేమో చూసే పోలీస్ వెట్టింగ్‌కి కాగితాలు వెళ్లాయి. అవి తిరిగొచ్చేలోపు పన్నెండు పేజీలు చదవాలి. ఆరాధన అయ్యాక ఇద్దరూ హాల్లో చెరోవైపు కూర్చున్నారు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. చలిగాలి కొడుతోంది.

"మనకి కూడా తలుపు తీసే ఉంచాలా?"

"పుస్తకంలో రూలు పిల్లల గదికేనండీ. ఇది మా అమ్మ రూలు."

లవ్లీ నవ్వు దాచుకోడానికి కప్పు ఎత్తింది. అందులో టీ ఎప్పుడో అయిపోయింది.

"గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి" అన్నాడతను.

"ఒకరు రాకపోతే?"

"పిల్లల్ని అందరికీ కనపడేలా హాల్లోకి తెచ్చెయ్యాలి."

"బాత్రూమ్‌కంటే?"

"మనం బయటే నిలబడాలి. రెండో వాలంటీర్‌కి కనపడుతూ."

"పిల్లలు సీక్రెట్ చెప్తే?"

"ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు. దెబ్బలూ భయాలూ అయితే వెంటనే ఆంటీకి చెప్పాలి."

లవ్లీ ప్రతిదీ తెలుగులో రాసుకుంది. పదకొండో పేజీ దగ్గర అతను ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది... మనకి వర్తించదు" అని పేజీ తిప్పేశాడు.

రెండు నెలలు ఒకే గదిలో పనిచేశారు. ఆమె పిల్లల్ని లెక్కపెడితే అతను మళ్లీ లెక్కపెట్టమనేవాడు. "నా లెక్క మీద నమ్మకం లేదా?" అంటే, "మీది బాగుంది. ఇంకోసారి విందామని" అనేవాడు. ఎమిలీ శనివారం రాత్రే బట్టలు తీసి పెట్టుకునేది. లవ్లీ తొంగి చూడ్డం మానేసింది. ఆ సంగతి ఆమెకే ఆలస్యంగా తెలిసింది.

ఆగస్టులో ఎవరికి ఎవరు జోడీయో చెప్పే కొత్త రోస్టర్ గోడకెక్కింది. లవ్లీ పేరు పక్కన ఇంకో వాలంటీరు నిరుపమ పేరుంది. రెజినాల్డ్ పేరు ఎక్కడా లేదు.

"అతనే తీసెయ్యమన్నాడమ్మా" అంది ఆంటీ.

ఎవరైనా ఏదైనా అన్నారా? భర్త లేనిదాని పక్కన నిలబడితే పేరు పోతుందనుకున్నాడా? పిల్లలకి రంగులు పంచుతుంటే ఎర్రది అడిగినవాడికి నీలం ఇచ్చింది. ఎమిలీ పదిసార్లు అడిగింది: "వేర్ ఈజ్ రెజీ అంకుల్?"

క్లాసయ్యాక పిల్లని ఆంటీ దగ్గర ఉంచి బయటికొచ్చింది. వరండా చూరు కింద అతనున్నాడు. వాన ధారగా పడుతోంది.

"నా పక్కన నిలబడ్డం అంత కష్టమైందా?"

"అది కాదండీ..."

"నాకు చెప్పకపోయినా పర్లేదు. అది పొద్దున్నించీ గుమ్మం వైపే చూస్తోంది. అలవాటైన మనిషి కనపడకుండా పోతే ఎలా ఉంటుందో దానికి తెలుసు, నాకూ తెలుసు. ఇంకోసారి మావల్ల కాదు."

రెజినాల్డ్ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "పదకొండో పేజీ. ఆ రోజు దాటేశాను. చదవండి."

"నాకు రాదని తెలుసుగా?"

"వచ్చు. నెమ్మదిగా చదవండి."

ఆమె వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంది. ఒకే కుటుంబంలోని ఇద్దర్ని ఒక గదికి జోడీగా వెయ్యకూడదు.

మళ్లీ చదివింది.

"మనం ఒకే కుటుంబం కాదుగా?"

"కాదు... ఇంకా. మీరు వద్దంటే పేరు మళ్లీ వేయించుకుంటాను, ఎప్పట్లాగే ఉంటాను. డ్రైవర్ని కదా, టర్నింగ్ రాకముందే ఇండికేటర్ వేసే అలవాటు."

"ఇండికేటర్ నాకు కనపడాలి కదండీ! ఆంటీకి వేస్తే ఎలా?"

ఆమె గిరుక్కున తిరిగి లోపలికెళ్లిపోయింది. రెజినాల్డ్ చూరు కిందే ఉన్నా సగం తడిసిపోయాడు.

లోపల ఎమిలీ ఫారం తీయించి లవ్లీ రెండో గీత మీద అతని పేరు రాసింది.

"పిల్లకి ఏమవుతాడో కూడా రాయాలమ్మా" అంది ఆనందమ్మ, కళ్లద్దాల మీంచి చూస్తూ.

"ప్రస్తుతానికి పెన్సిల్‌తో ఫ్రెండ్ అని రాస్తాను ఆంటీ. తర్వాత పెన్నుతో మార్చుకుంటాను."

ఆవిడ పకపకా నవ్వింది. "మీ అమ్మ నంబరివ్వు. రేపల్లెకి ఇవాళే ఫోన్ చేస్తాను."

మరుసటి ఆదివారం గేటుకి అటుపక్క లవ్లీ, ఇటుపక్క రెజినాల్డ్.

"ట్యాగ్ చూపించండి అన్నయ్యా."

"అదొక్కటీ వద్దు!"

అతను గుప్పిట తెరిచాడు. పొద్దున లవ్లీ ఇచ్చినప్పట్నించీ పట్టుకునే ఉన్నాడేమో, చెమటకి కాగితం మెత్తబడిపోయింది. ఆమె నంబరు చూసింది. ఎమిలీ వీపు మీది నంబరు చూసింది. ఇంకోసారి రెండూ సరిచూసుకుని గేటు తీసింది.